తమ్ముడు నొప్పి లేదన్నాడు, అయినా ఆసుపత్రికి పరిగెత్తాం

మా తమ్ముడికి ప్రాడర్ విల్లీ సిండ్రోమ్. 15వ క్రోమోజోమ్‌లో నాన్న నుంచి వచ్చే ఒక భాగం పనిచేయకపోతే వస్తుంది. కడుపు నిండిందన్న సంగతి మెదడుకి అందదు. పుట్టినప్పుడు పాలు పీల్చే బలం కూడా లేని పిల్లాడు, కాస్త పెరిగాక ఎంత పెట్టినా ఆకలే అనేవాడు. తిండిపోతన్నారు. గ్రహణం రోజు బయట తిరిగావని అమ్మనన్నారు. వైజాగ్‌లో మెథిలేషన్ అనే రక్తపరీక్ష చేయించేసరికి వాడికి ఇరవై దాటాయి. ఇది ఎక్కువ మందిలో వంశపారంపర్యంగా రాదనీ, ఎవరి తప్పూ కాదనీ డాక్టరు చెబితే అమ్మ అక్కడే ఏడ్చేసింది.

ఇంట్లో వంటగదికి తాళం ఉంటుంది. టెక్కలి దగ్గర చుట్టాల పెళ్లిలో వంటపందిరికి తాళం ఎవరు వేస్తారు? మర్నాడు శ్రీకాకుళం తిరిగొచ్చాక టిఫిన్ పెడితే వద్దన్నాడు. వాడు తిండి వద్దనడం నేనెప్పుడూ చూడలేదు. కాసేపటికి వాంతి. పొట్ట గట్టిగా ఉబ్బిపోయింది. "నొప్పుందా?" అంటే "లేదప్పా" అన్నాడు. జ్వరం కూడా లేదు.

దగ్గర్లోని డాక్టరుగారు పొట్ట నొక్కి చూశారు. నొప్పి లేదంటున్నాడు కాబట్టి గ్యాస్ అయ్యుంటుంది, ఇంజెక్షన్ చేయించుకుని ఇంటికెళ్లమన్నారు. ఆయన తెలిసినంతలో చెప్పారు, కానీ ఈ జబ్బున్నవాళ్లకి నొప్పి సరిగా తెలియదు. వాంతులు కూడా చాలా అరుదు. తిండి వద్దన్నా, వాంతి అయినా, పొట్ట ఉబ్బినా ప్రమాదమేనని వైజాగ్ డాక్టరు రాసిచ్చిన కాగితం నా బ్యాగులోనే ఉంది. అది పట్టుకుని ఇంకో ఆసుపత్రికి వెళ్లాం. అక్కడ డ్యూటీలో ఉన్న మేడమ్ కాగితం మొత్తం చదివి వెంటనే ఎక్స్‌రే తీయించారు. జీర్ణాశయం పొట్టంతా ఆక్రమించింది. అలా సాగిపోతే దాని గోడకి రక్తం అందక కుళ్లిపోవచ్చు, పగలొచ్చు, ప్రాణం పోవచ్చు. ముక్కులోంచి పైపు వేసి, అంబులెన్స్‌లో వైజాగ్ పంపారు. దారంతా నా కళ్లు వాడి పొట్ట మీదే. అంత టెన్షన్ ఎప్పుడూ పడలేదు.

స్కానింగ్‌లో చిల్లు లేదని తేలింది. ఆపరేషన్ తప్పింది. వాడికి నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉంది, రోజూ గాలి ఊదే మెషిన్ మాస్క్ పెట్టుకుని పడుకుంటాడు. ఆ గాలి కడుపులోకి కూడా పోతుందని ఆ రాత్రి మాస్క్ వద్దని, ఆక్సిజన్ పెట్టి కనిపెట్టుకుని ఉన్నారు.

అసలు కష్టం ఆ తర్వాతే. పొట్ట తగ్గగానే ఆకలి తిరిగొచ్చింది, నోటికి మాత్రం ఏమీ ఇవ్వకూడదు. పక్కమంచం వాళ్లు ఇడ్లీ పొట్లం విప్పితే ముక్కులో పైపుతోనే లేచి కూర్చున్నాడు. "ఒక్కటప్పా, ఒక్కటే" అని చేతులు పట్టుకుని బతిమాలాడు. మొండితనం కాదది, నిజమైన ఆకలి. సిస్టర్‌గారితో చెబితే, అందరినీ బయట తినమని ఒప్పించారు. ఎప్పుడు ఏం ఇస్తారో కాగితం మీద రాసి గోడకి అంటించాం. ఎప్పుడు పెడతారోనన్న అనుమానం ఉండకూడదు, అంతకుమించి దొరుకుతుందన్న ఆశా ఉండకూడదు. అప్పుడే వాడి మనసు కుదురుగా ఉంటుంది. ఇంట్లోనూ ఇదే పద్ధతి.

ఈ జబ్బు పెద్దయ్యాక ఆకలితో ఆగదు. షుగర్, కాళ్ల వాపు, గోకి గోకి పుండ్లు చేసుకోవడం, హార్మోన్లు తక్కువై ఎముకలు గుల్లబారడం. కండ తక్కువ కాబట్టి తోటివాళ్లకంటే తక్కువ తిన్నా ఒళ్లు వస్తుంది. ఈ ఆకలి తగ్గించడానికి డయాజాక్సైడ్ కోలిన్ అనే మందుకి 2025 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆశపడి అడిగాను. అది షుగర్‌ని, వాపుని పెంచవచ్చు, వీడికి రెండూ ఉన్నాయి కాబట్టి తొందరపడొద్దన్నారు.

ఇప్పుడా కాగితం తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయించి, లామినేషన్ చేయించి వాడి జేబులో, నాన్న బండిలో, నా బ్యాగులో పెట్టాం. మొదట చూసిన డాక్టరుగారికీ ఒకటిచ్చాను, శ్రద్ధగా చదివారు. మీ ఇంట్లో పసితనంలో ఒంట్లో బలం లేక మెత్తగా వాలిపోతూ ఉండి, తర్వాత ఆకలి ఆగని పిల్లలుంటే, పెద్దవాళ్లయిపోయారుగా అనుకోకుండా ఆ మెథిలేషన్ పరీక్ష గురించి డాక్టరుని అడగండి.