ఫెలోషిప్ ఎంచుకునే ముందు అక్కడ నేర్పే మనుషుల్ని చూడండి

పీడియాట్రిక్ కార్డియాలజీ, అంటే పిల్లల గుండె వైద్యంలో ఫెలోషిప్ (పై ట్రైనింగ్) కోసం వెతుకుతున్న జూనియర్లు నన్ను ముందుగా అడిగేది ఎప్పుడూ ఒకటే. అక్కడ ఏడాదికి ఎన్ని సర్జరీలు అవుతాయి, క్యాథ్ ల్యాబ్‌కి (రక్తనాళంలోంచి సన్నటి గొట్టం గుండెదాకా పంపి వైద్యం చేసే గదికి) ఎన్ని కేసులు వస్తాయి అని. అడగాల్సిందే, కేసులు లేనిచోట ఎవరూ ఏమీ నేర్చుకోలేరు. కానీ దాని తర్వాత అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. అక్కడ ట్రైనింగ్ నడిపేది ఎవరు, కేసు జరుగుతున్నప్పుడు వాళ్ళు ఎక్కడ నిలబడతారు? మాటవరసకు అనట్లేదు, నిజంగానే ఆ గదిలో ఏ మూల ఉంటారని అడుగుతున్నాను.

ఎందుకంటే ఈ చదువే అలాంటిది. పుట్టే ప్రతి వందమంది పిల్లల్లో దాదాపు ఒకరికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. దానంతటదే మూసుకుపోయే చిన్న రంధ్రం ఆ లెక్కలోనే ఉంది, పుట్టిన కొద్ది గంటల్లో పట్టుకోకపోతే బిడ్డ దక్కని జబ్బూ ఆ లెక్కలోనే ఉంది. పిల్లల వైద్యం పూర్తిచేసి, పేషెంట్లను సొంతంగా చూసుకుంటూ ధైర్యంగా ఉన్న డాక్టరు ఇక్కడికొచ్చి మళ్ళీ ఓనమాల నుంచి మొదలుపెట్టాలి. అమెరికాలో అయితే ఇంకో మూడేళ్ళు. అంత చదివినా ఏది ఆగగలదో ఏది ఆగలేదో తేల్చుకునే చూపు పుస్తకంతో రాదు, పక్కన ఒకరు ఉండి నేర్పాలి.

నాకు నేర్పిన ప్రోగ్రామ్ డైరెక్టర్ మేడమ్ ఎప్పుడూ ఎకో (గుండె స్కాన్) తీసే మంచానికి అవతలివైపు, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. ఒక రాత్రి అప్పుడే పుట్టిన బిడ్డను తీసుకొచ్చారు, ఒళ్ళంతా నీలం, ఆక్సిజన్ పెట్టినా రంగు మారట్లేదు. జెల్ వెచ్చబెట్టారా అని నర్సుని అడిగారావిడ మొదట. చల్లటి జెల్ తగిలి బిడ్డ ఏడవడం మొదలుపెడితే ఇక ఎకోలో ఏదీ సరిగ్గా కనపడదు. ప్రోబ్ నా చేతిలో ఉంది. గుండెలోంచి బయల్దేరే రెండు పెద్ద నాళాలు మామూలుగా ఒకదాన్నొకటి దాటుకుంటూ వెళ్తాయి, ఇక్కడ రెండూ పక్కపక్కనే సమాంతరంగా పోతున్నాయి. జబ్బు పేరు నా నోటి చివరిదాకా వచ్చింది. మేడమ్ అప్పుడే పేరు చెప్పనివ్వలేదు. "వెనకున్న నాళం పట్టుకుని పైకి వెళ్ళు, ఎక్కడ చీలుతుందో చూడు" అన్నారు. కొంచెం పైకి వెళ్ళగానే అది రెండుగా చీలింది. అంటే అది ఊపిరితిత్తులకు వెళ్ళే నాళం, అదేమో ఎడమ జఠరిక నుంచి బయల్దేరుతోంది. శరీరానికి వెళ్ళాల్సిన బృహద్ధమని కుడి జఠరిక మీద ఉంది. రెండూ తారుమారయ్యాయి. "ఇప్పుడు చెప్పు పేరు" అన్నారు. "ట్రాన్స్‌పొజిషన్" అన్నాను. "కరొనరీలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కూడా చూపించు, పొద్దున సర్జన్ అడిగేది అదే" అన్నారు. కరొనరీలంటే గుండె కండరానికే రక్తం అందించే నాళాలు.

డక్టస్, అంటే పుట్టకముందు నుంచీ ఆ రెండు పెద్ద నాళాల్నీ కలిపే దారి, మూసుకుపోకుండా ప్రోస్టాగ్లాండిన్ అనే మందు మొదలుపెట్టాం. ఆ మందుతో పసిబిడ్డకు ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, బిడ్డ ఊపిరిని ఎవరు గమనిస్తున్నారో పేరుపెట్టి చెప్పమన్నారు. "అందరం చూస్తున్నాం" అంటే ఒప్పుకోలేదు. తర్వాత బెలూన్ సెప్టాస్టమీ, విలియం రష్కిండ్ 1966లో ప్రపంచానికి చూపించిన పద్ధతి. ఎడమ కర్ణికలో బెలూన్‌ని ఉబ్బించి, ఒక్క ఉదుటున కుడివైపుకి లాగాలి. మెల్లగా లాగితే రెండు కర్ణికల మధ్య గోడ సాగుతుందే తప్ప చిరగదు, చిరిగితేనే రక్తం కలిసి బిడ్డ రంగు తేరుకుంటుంది. మొదటిసారి తనే లాగారు. రెండోసారి క్యాథెటర్ నా చేతికిచ్చి, తన చెయ్యి నా మణికట్టు పక్కనే ఉంచారు, తగలకుండా.

ట్రైనింగ్ నడపడం అంటే నా దృష్టిలో ముఖ్యంగా ఆ చెయ్యి ఎంత దూరంలో ఉండాలో తెలియడమే. క్యాథెటర్ త్వరగా లాక్కుంటే ఫెలో ఏడాది గడిచినా చూస్తూనే ఉండిపోతాడు, ఆలస్యం చేస్తే బిడ్డకు నష్టం. పైగా ఇది మనిషి మనిషికీ మారుతుంది. ధైర్యం ఎక్కువున్న ఫెలో పక్కన దగ్గరగా నిలబడాలి, అన్నీ వచ్చినా వణికే ఫెలో పక్కన ఓ అడుగు వెనక్కి జరగాలి. ఆర్నెల్లకోసారి కమిటీ కూర్చుని ఫెలో ఎక్కడిదాకా వచ్చాడో రాసే పద్ధతి చాలా మంచిదే, కానీ ఆ కాగితంలోకి నిజం రావాలంటే అంతకుముందు ఆర్నెల్లూ ఎవరో ఒకరు శ్రద్ధగా చూసి ఉండాలి కదా. వెనకబడుతున్నవాడికి ఆ మాట మొదటి ఏడాదిలోనే, ఒంటరిగా కూర్చోబెట్టి, ఏం తక్కువైందో ఎకో క్లిప్ చూపిస్తూ చెప్పేవాళ్ళను నేను చాలా గౌరవిస్తాను. మూడో ఏడాది చివర్లో చెప్పడం దారుణం.

ఈ శాఖ మొదలైందే అలాంటి మనుషులతో. హెలెన్ టాసిగ్ 1930లో బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్‌లోని పిల్లల గుండె క్లినిక్ బాధ్యత తీసుకున్నారు. వినికిడి పోతుంటే ఛాతీ మీద వేళ్ళు ఆనించి గుండె తీరు పట్టుకోవడం నేర్చుకున్నారు. కొంతమంది నీలం పిల్లలకు డక్టస్ మూసుకుపోయాకే పరిస్థితి దిగజారుతోందని గమనించి, అలాంటి దారి మనమే వెయ్యలేమా అని సర్జన్లను అడిగింది ఆవిడే. 1944 నవంబరు 29న ఆల్ఫ్రెడ్ బ్లాలాక్ ఆ ఆపరేషన్ చేశారు. అంతకుముందు కుక్కల మీద దాన్ని చేసి చేసి ఒక దారికి తెచ్చిన వివియన్ థామస్, ఆయన వెనక స్టూలెక్కి నిలబడి ఒక్కో అడుగూ చెప్పారు. థామస్‌కు డాక్టరు డిగ్రీ లేదు, నల్లజాతి మనిషి కావడంతో ఆయన చేసే పనికి తగ్గ హోదా కూడా ఇవ్వలేదు. అయినా తర్వాత పేరు మోసిన ఎందరో సర్జన్లకు ల్యాబ్‌లో చెయ్యి తిరిగేలా నేర్పింది ఆయనే. గౌరవ డాక్టరేట్ 1976లో వచ్చింది. టాసిగ్‌కు పూర్తి స్థాయి ప్రొఫెసర్ పదవి 1959లో గానీ రాలేదు, అప్పటికే ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళు వెళ్ళి తమ తమ చోట్ల పిల్లల గుండె విభాగాలు నడుపుతున్నారు. నేర్పేవాళ్ళకు హోదా ఆలస్యంగా రావడం చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

కోపం ఎందుకంటే, ఇప్పటికీ చాలాచోట్ల ఆ పనికి టైమ్ ఇవ్వరు. క్లినిక్ చూసుకుని, రౌండ్స్ అయ్యాక, మిగిలిన ఓపికతో ట్రైనింగ్ నడపమంటారు. క్యాథ్, ఎకో, రిథమ్ (గుండె లయ), ఐసీయూ, గర్భస్థ శిశువు ఎకో, ఇలా ఒక్కో విభాగానికీ ఒక్కో హెడ్ ఉంటారు, ఎవరి డ్యూటీలకు ఫెలోలు కావాలని వాళ్ళు లాగుతారు. నడిపేవాళ్ళకు ఆ హెడ్‌లకు కాదని చెప్పే అధికారం లేకపోతే, ఫెలో చదువు కాస్తా ఖాళీ షిఫ్టులు నింపే పనిగా మారిపోతుంది.

ప్రోగ్రామ్ కోఆర్డినేటర్ గురించి ఎవరూ రాయరు. డ్యూటీ చార్టు, లైసెన్సు కాగితాలు, పరీక్ష ఫీజు గడువు, అన్నీ ఆ టేబుల్ మీదే. నైట్ డ్యూటీలు ఎవరు ఎక్కువగా మార్చుకుంటున్నారో, ఎవరు సెలవు అడగటమే మానేశారో డైరెక్టర్ కంటే ముందు తెలిసేది వాళ్ళకే. తెలిసింది వెంటనే డైరెక్టర్‌కి చెప్పగలిగే చనువు వాళ్ళిద్దరి మధ్య ఉందంటే ఆ ప్రోగ్రామ్‌లో ఎవరూ ఒంటరిగా కుంగిపోరు.

ఇంకో మాట. తల్లిదండ్రులతో మాట్లాడటానికి వెళ్ళేటప్పుడు మేడమ్ ఫెలోని తప్పకుండా తీసుకెళ్ళేవారు. కుర్చీ లాక్కుని వాళ్ళ ఎదురుగా కూర్చుని, తెల్ల కాగితం మీద ఎరుపు, నీలం పెన్నులతో ముందు మామూలు గుండె గీసి, దాని పక్కన వాళ్ళ బిడ్డ గుండె గీసేవారు. కొంతకాలానికి పెన్నులు మాకిచ్చి తను పక్క కుర్చీలోకి మారారు. బయటికొచ్చాక "ట్రాన్స్‌పొజిషన్ అన్నావు, ఆ తల్లి అక్కడే ఆగిపోయింది, తర్వాత నువ్వు చెప్పిందేదీ వినలేదు, గమనించావా?" అని అడిగేవారు. బొమ్మ గీయడం కన్నా ఆ తర్వాతి రెండు నిమిషాల్లో నేను నేర్చుకుందే ఎక్కువ.

కాబట్టి ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు డైరెక్టర్ గారితో మాట్లాడి వచ్చేయకండి. రెండో ఏడాది ఫెలోని ఒక్కరినే పట్టుకుని అడగండి: రాత్రి రెండింటికి ఎకో చూసి అనుమానం వస్తే ఎవరికి ఫోన్ చేస్తారు, చేస్తే అవతలివాళ్ళు మొదట ఏమంటారు? విసుక్కుంటారా, పొద్దున చూద్దాం అంటారా, లేక క్లిప్ పంపు, నేను తెరిచి చూస్తున్నాను, ఈలోగా నీకేం కనిపిస్తోందో చెప్పు అంటారా? మూడో జవాబు తడుముకోకుండా వస్తే, సర్జరీల సంఖ్య కాస్త తక్కువైనా సరే, అక్కడికే అప్లై చెయ్యండి.