నగర బడ్జెట్‌లో అంకె పక్కన తేదీ కూడా ఉండాలి

నగరపాలక సంస్థ బడ్జెట్ అనగానే అందరి చూపూ మొత్తం మీద పడుతుంది. కిందటేడు ఇంత, ఈ ఏడు అంత, పెరుగుదల ఇన్ని శాతం. చివరి వరుసలో ఆదాయమూ ఖర్చూ సరిపోతే కౌన్సిల్లో బల్లలు చరుస్తారు, ఆమోదం అయిపోతుంది. ఆ వరుస సరిపెట్టడం పెద్ద విద్యేమీ కాదు. ఆదాయం వైపు 'ఇతరములు' అనే పద్దును కాస్త లావు చేస్తే చాలు. ఊరు నడిచేది మాత్రం వేరే లెక్క మీద: ఏ డబ్బు ఏ తేదీకి చేతికొస్తుంది, ఏ బిల్లు ఏ తేదీకి కట్టాలి.

చిన్న లెక్క వేద్దాం. ఒక నగరానికి ఏడాది ఆదాయం 1,200, ఖర్చూ 1,200 అనుకోండి. లక్షలో కోట్లో మీ ఇష్టం. ఖర్చు నెలకు 100 చొప్పున ఠంచనుగా పోతుంది: జీతాలు, పింఛన్లు, కరెంటు, చెత్త బండ్ల డీజిల్, అప్పుల వాయిదాలు. ఆదాయంలో 900 ఆస్తి పన్ను. అది మూడో నెలలో 450, తొమ్మిదో నెలలో 450గా వస్తుంది. మిగతా 300 నెలకు 25 చొప్పున. ఏడాది మొదట్లో నిల్వ సున్నా, చివరా సున్నా, బడ్జెట్ అచ్చంగా సరిపోయింది. కానీ మొదటి నెలాఖరుకు 75 తక్కువ, రెండో నెలాఖరుకు 150 తక్కువ. మూడో నెలలో పన్ను పడి 225 మిగులు. ఆరో నెలాఖరుకు అదీ అయిపోయి సున్నా. ఎనిమిదో నెలాఖరుకు మళ్లీ 150 గుంట. ఇదంతా ప్రతి ఒక్కరూ వేళకు పన్ను కడితేనే. మొదటి వాయిదాలో ఐదో వంతు, అంటే 90, ఆగిపోయిందా, ఐదో నెలలోనే పెట్టె ఖాళీ, ఎనిమిదో నెలకు లోటు 240. బడ్జెట్ పుస్తకంలో మాత్రం ఒక్క అంకె కూడా మారదు.

అమెరికా, కెనడాల్లో స్థానిక ప్రభుత్వాల ఆర్థిక అధికారుల సంఘం, జీఎఫ్ఓఏ, కనీసం రెండు నెలల నిర్వహణ ఖర్చుకు సరిపడా డబ్బు సాధారణ నిధిలో నిల్వ ఉంచుకోమంటుంది. పై లెక్కలో అది 200. 150 గుంటను దాటిస్తుంది, 240ని దాటించదు. కాబట్టి 'రెండు నెలలు' అనేది మొదటి మెట్టు మాత్రమే. ఎంత నిల్వ కావాలో తెలియాలంటే మూడేళ్ల క్యాష్ బుక్ తీసి, ఏ ఏడు ఏ రోజున నిల్వ అడుగంటిందో రాసుకోవాలి. నెలాఖరు నిల్వ చూస్తే లాభం లేదు, ఎందుకంటే నెలాఖరుకు బిల్లులు నాలుగు రోజులు ఆపి నిల్వ బాగున్నట్టు చూపడం చాలా చోట్ల ఉన్న అలవాటే. జీతాలు జమైన మర్నాటి నిల్వ చూడండి, అది అబద్ధం చెప్పదు.

రోజువారీ పనికి 13 వారాల ముందస్తు పట్టిక చాలు: రాబోయే ఏ వారం ఎంత వస్తుంది, ఎంత పోతుంది అన్నది. ప్రతి సోమవారం అయిపోయిన వారాన్ని తీసేసి, చివర కొత్త వారం చేర్చాలి. పోయిన వారం అనుకున్నదెంత, జరిగిందెంత అన్నది పక్కనే ఉండాలి. వరుసలు ఇరవై దాటితే నెల తిరక్కుండానే పట్టిక మూలపడుతుంది. తప్పకుండా విడిగా ఉండాల్సిన వరుసలు రెండు. ఒకటి, ఫలానా పనికే వాడాలన్న షరతుతో వచ్చిన గ్రాంట్లు. రెండు, కాంట్రాక్టర్ల ధరావతులు, బిల్లుల్లోంచి పట్టి ఉంచిన సొమ్ము. ఈ రెండూ బ్యాంకు ఖాతాలో కనిపిస్తాయి గానీ నగరానివి కావు. జీతాల రోజు దగ్గరపడ్డప్పుడు చేయి మొదట వీటి మీదకే వెళ్తుంది. 'వచ్చే నెల సర్దేద్దాం' అంటారు. ఆ వచ్చే నెలకు కాంట్రాక్టరు పని ముగించి ధరావతు అడుగుతాడు, గ్రాంటు ఇచ్చినవాళ్లు ఖర్చు ధ్రువపత్రం అడుగుతారు. అది ఇవ్వకపోతే రెండో విడత ఆగుతుంది. సగం కట్టి వదిలేసిన భవనాల్లో కొన్నింటి కథ ఇదే.

ఇక వసూళ్లు. '95 శాతం వసూలు చేశాం' అంటే మొదట అడగాల్సింది: దేనిలో 95 శాతం? ఈ ఏటి డిమాండ్, అంటే ఈ ఏడు రావాల్సిన పన్ను, 100, పాత బకాయిలు 80 అనుకోండి. పాతవీ కొత్తవీ కలిపి 95 వసూలైతే, దాన్ని 100తో భాగించి 95 శాతం అంటారు. రావాల్సిన 180తో భాగిస్తే దాదాపు 53 శాతం. బకాయిల జాబితాను వయసు వారీగా విడగొడితేనే పని నడుస్తుంది: ఏడాది లోపువి, మూడేళ్ల లోపువి, ఆపైవి, కోర్టులో ఉన్నవి. ఏడాది లోపువాటిలో చాలావాటి వెనక మొండితనమేమీ ఉండదు. బిల్లు తప్పు చిరునామాకు వెళ్లి ఉంటుంది, ఇల్లు చేతులు మారి ఉంటుంది, స్థలం రెండు ముక్కలై ఉంటుంది. వాటికి నోటీసు కాదు, రికార్డు సరిచేయడమే మందు. పాతవాటిని ఎవరి దగ్గర ఎక్కువుందో చూసి పైనుంచి దిగాలి. కింది నుంచి మొదలుపెడితే సిబ్బంది ఏడాదంతా తిరిగినా లెక్క కదలదు.

ముందే కడితే 5 శాతం రాయితీ అనే పద్ధతి మీద నాకు అనుమానాలున్నాయి. ఆరు నెలలు ముందు 95 తీసుకుని 100 వదులుకోవడమంటే, ఏడాదికి దాదాపు పది శాతం పైచిలుకు వడ్డీకి అప్పు తెచ్చుకోవడమే. బ్యాంకు అంతకన్నా తక్కువకు ఇస్తుంటే రాయితీ నష్టం. పైగా దాన్ని వాడుకునేది ఎప్పుడూ వేళకు కట్టేవాళ్లే. ఎగ్గొట్టేవాడు 5 శాతానికి కరగడు.

గుంట పూడ్చడానికి స్వల్పకాలిక అప్పు తప్పేమీ కాదు, పన్ను పడగానే తీరిపోతే. తీరకపోతే ఏమవుతుందో 1975లో న్యూయార్క్ చూపించింది. రాబోయే పన్నుల మీద, రాబోయే గ్రాంట్ల మీద నోట్లు, అంటే స్వల్పకాలిక అప్పు పత్రాలు, అమ్మి ఖర్చు గడిపేవారు. వాటిలో కొన్ని రాబడులు వచ్చేవే కావు. పాత నోటు తీర్చడానికి కొత్త నోటు. మామూలు జీతాల్లో కొన్నింటిని, కట్టడాల లాంటి దీర్ఘకాలిక పనులకు ఉద్దేశించిన మూలధన ఖాతాలో వేసి, వాటికీ అప్పే చేశారు. స్వల్పకాలిక అప్పు దాదాపు 600 కోట్ల డాలర్లకు చేరాక, ఆ ఏడు వసంత కాలానికి బ్యాంకులు కొనడం మానేశాయి. జూన్‌లో రాష్ట్రం నగరం తరఫున బాండ్లు అమ్మడానికి వేరే సంస్థ పెట్టింది. అక్టోబరు 17న కొన్ని గంటల్లో దివాలా అనగా, ఉపాధ్యాయుల పింఛను నిధి ఆ బాండ్లు కొనడంతో గండం గడిచింది. అప్పటికే పోలీసులు, పారిశుద్ధ్య కార్మికులు వేలల్లో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు.

దీర్ఘకాలిక అప్పుకు నేను చూసే పరీక్ష ఒక్కటే: వస్తువు పోయే తేదీకి ముందే అప్పు తీరాలి. నీటి ప్రధాన గొట్టం యాభై ఏళ్లకు పైగా పనిచేస్తుంది, దానికి పాతికేళ్ల బాండు న్యాయమే. ఎల్‌ఈడీ వీధి దీపం మీద 50,000 గంటలని రాసి ఉంటుంది. రాత్రికి 12 గంటలు వెలిగితే ఏడాదికి 4,380 గంటలు, అంటే పదకొండేళ్ల పైచిలుకు. లోపల దీపానికి తగ్గట్టు కరెంటు అందించే పరికరం, డ్రైవర్, అంతకన్నా ముందే పోవచ్చు, కరెంటు హెచ్చుతగ్గులుంటే మరీను. దానికి ఇరవై ఏళ్ల అప్పు చేస్తే, దీపం మారాక కూడా పాత దీపానికి వాయిదా కడుతూనే ఉండాలి. ఇంకో చిట్కా కూడా గమనించండి: అప్పు పత్రంలో మొదటి మూడు నాలుగేళ్లు అసలు కట్టనక్కర్లేదని ఉంటే, కట్టాల్సిన ఏడు ఎన్నికలకు అవతలుందా ఇవతలుందా చూడండి. ఎక్కువసార్లు అవతలే ఉంటుంది.

సేవల దగ్గరికొద్దాం. కొత్త ఈత కొలను ప్రతిపాదన కౌన్సిల్‌కు వచ్చినప్పుడు అందులో తవ్వకం, టైల్స్, ప్రహరీ అన్నీ ఉంటాయి. ప్రతి ఏడూ ఏమవుతుందో ఉండదు. జనం దిగే కొలనులో నీళ్లన్నీ సుమారు ఆరు గంటలకోసారి వడపోత గుండా తిరగాలి, కాబట్టి పంపు రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది. క్లోరిన్, పీహెచ్ రోజుకు చాలాసార్లు పరీక్షించి రాయాలి. పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి, అంతకు మించితే క్లోరిన్ పోస్తున్నా సరిగ్గా పనిచేయదు. వడపోతలో ఇసుక కొన్నేళ్లకు మార్చాలి. అన్నిటికన్నా బరువు మనుషులది. రోజుకు 14 గంటలు, వారంలో ఏడు రోజులు తెరిస్తే 98 గంటలు. వారానికి 40 గంటలు పనిచేసే మనిషి లెక్కన ఒక్క లైఫ్‌గార్డు కుర్చీకి రెండున్నర మంది, సెలవులు, జబ్బులు కలుపుకుంటే ముగ్గురు. రెండు కుర్చీలుంటే ఆరుగురు. ప్రతిపాదనలో 'లైఫ్‌గార్డులు 2' అని ఉంటే, ఆ కొలను వేళలు సగానికి తగ్గుతాయనో, కుర్చీ ఖాళీగా ఉంటుందనో ముందే రాసుకోవచ్చు. గ్రంథాలయమైనా, సామాజిక భవనమైనా ఇదే లెక్క. పదేళ్ల నిర్వహణ ఖర్చు ఏడాది వారీగా ఒక పేజీలో జతపరచందే మూలధన ప్రతిపాదన తీసుకోకూడదని నియమం పెడితే, సగం ప్రతిపాదనలు వాటంతటవే చిన్నవైపోతాయి.

నీళ్ల ఖాతా ఇంకాస్త విచిత్రం. శుద్ధి చేసిన ప్రతి లీటరుకూ కరెంటు, మందుల ఖర్చు ఇవాళే అయిపోతుంది. బిల్లు నెలకో రెండు నెలలకో వెళ్తుంది, డబ్బు ఆ తర్వాత. మధ్యలో కారిపోయిన దానికి బిల్లే ఉండదు. లీకు ఎంతో తేల్చడానికి మంచి వేళ తెల్లవారుజామున రెండు నుంచి నాలుగు, జనం నిద్రలో ఉంటారు గనక. ఒక ప్రాంతానికి వెళ్లే గొట్టాలన్నీ ఒకే మీటరు గుండా పోయేలా వాల్వులు మూసి, ఆ వేళ రీడింగు తీయాలి. 1,000 కనెక్షన్లున్న చోట గంటకు 12 ఘనపు మీటర్లు వెళ్తోందనుకోండి. ఆ వేళ నిజమైన వాడకం కనెక్షనుకు గంటకు రెండు లీటర్లు వేసుకున్నా 2 ఘనపు మీటర్లే. మిగతా 10 లీకు. దాన్ని 24తో హెచ్చించకండి. రాత్రి వాడకం లేక పీడనం ఎక్కువ, లీకూ ఎక్కువే, పగలు కాస్త తగ్గుతుంది. 20తో హెచ్చిస్తే రోజుకు 2 లక్షల లీటర్లు. ఈ కొలత తప్పేది రెండు చోట్ల: సరిహద్దు వాల్వు పూర్తిగా మూసుకోకపోతే, లేదా గంటల లెక్కన నీళ్లిచ్చే ఊళ్లలో ఇళ్ల ట్యాంకులు రాత్రి నిండుతుంటే. రెండో సందర్భంలో ట్యాంకులు నిండే నీళ్లే లీకులా కనిపిస్తాయి.

పట్టుదలగా చేస్తే ఎంత దూరం వెళ్లొచ్చో కంబోడియా రాజధాని నామ్‌పెన్ నీటి సంస్థ చూపించింది. 1993లో అక్కడ తయారైన నీళ్లలో 72 శాతానికి పైసా వచ్చేది కాదు. ఎక్ సోన్ చాన్ నాయకత్వంలో ప్రతి కనెక్షనుకూ మీటరు పెట్టారు, వినియోగదారుల జాబితాను ఇంటింటికీ తిరిగి కొత్తగా రాశారు, బిల్లు కట్టకపోతే పలుకుబడి ఉన్నవాళ్లకూ కనెక్షను కోశారు, లీకులకు రాత్రీ పగలూ తిరిగే బృందాలు పెట్టారు. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ నష్టం ఆరు శాతం దగ్గరకు దిగింది. ఆయనకు 2006లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది.

తేదీలను అమ్ముకోవడం, అంటే రాబోయే ఏళ్ల రాబడికి ఇప్పుడే ఒక్కసారిగా డబ్బు తీసేసుకోవడం, ఇంకో దారి. 2008 చివర్లో షికాగో తన 36,000 పార్కింగ్ మీటర్లను 75 ఏళ్లకు ఒక ప్రైవేటు సంస్థకు 115 కోట్ల డాలర్లకు ఇచ్చేసింది. కౌన్సిల్ చర్చ కొద్ది రోజుల్లో ముగిసింది. ఆ డబ్బులో ఎక్కువ భాగం కొన్నేళ్లలోనే లోటు పూడ్చడానికి పోయింది. నగరమే ఉంచుకుని ఉంటే ఇంకో 97 కోట్ల డాలర్ల పైన విలువ ఉండేదని నగర పాలనపై నిఘా ఉంచే అధికారి, ఇన్‌స్పెక్టర్ జనరల్, 2009లో తేల్చారు. రోడ్డు పని కోసం పార్కింగ్ మూసినా నగరమే ఆ సంస్థకు పరిహారం కట్టాలి. ఇలాంటి ఒప్పందంలో నేను మొదట వెతికేది ధర కాదు, ఆ పరిహారం నిబంధనే.

ఏడాది మధ్యలో డబ్బు తక్కువైతే కోత ఎక్కడ పడుతుందో చెప్పడానికి జ్యోతిషం అక్కర్లేదు. జీతాలు ఆపలేరు, వడ్డీ ఆపలేరు, కనుక మరమ్మతులు ఆపుతారు. ఆపదగినవి ఉన్నాయి: రంగులు, ఫర్నిచర్, కొత్త జీపులు. ఆపకూడనివీ ఉన్నాయి. రోడ్డు మీద సన్నని పగుళ్లు తారుతో పూడ్చకపోతే నీరు కింది పొరలోకి దిగుతుంది, ఆ తర్వాత ఆ ముక్కను తవ్వి మళ్లీ వేయడమే. కాలువల పూడికతీత కూడా అంతే. వానలు తొమ్మిదో నెల మొదట్లో అనుకుంటే, పని ఆరు వారాలు, టెండర్ గడువు నాలుగు వారాలు, పరిశీలన, పని ఉత్తర్వు రెండు వారాలు. వెనక్కి లెక్కేస్తే ఆరో నెల మొదటి రోజుల్లోనే ప్రకటన పడాలి. పైన వేసిన లెక్కలో ఆరో నెలాఖరు నిల్వ సున్నా. తొమ్మిదో నెల పన్ను పడేదాకా తన బిల్లు కదలదని కాంట్రాక్టరుకూ తెలుసు. అందుకే ఆ టెండర్‌కు ఎవరూ రారు, లేదా ఒక్కడే వచ్చి మూడు నెలల వడ్డీ కలిపి రేటు వేస్తాడు.