కోణార్క్ ఎక్కే ముందు

ముంబైకి టికెట్ ఖాయమైంది. విజయనగరంలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సికింద్రాబాద్, పుణే మీదుగా రైలు మారకుండా దేశం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేరవచ్చు. బట్టలు సర్దడం ఎంతసేపు! తేలనిది నా సినిమా కథ రాసుకున్న నోటుపుస్తకాల సంగతే.

స్క్రీన్‌ప్లేలో పేజీకి సుమారు ఒక నిమిషం అని లెక్క. ఆ లెక్కన నా సిరిమాను సన్నివేశమే, అంటే పైడితల్లి జాతరలో పూజారిని పొడవాటి మాను చివర కూర్చోబెట్టి ఊరేగించేదే, ఇంటర్వెల్ దాకా సాగేలా ఉంది. పైడితల్లి గుడికీ కోటకూ మధ్య మాను మూడుసార్లు తిరుగుతుంది కదా, నేనూ మూడుసార్లూ తిప్పాను. నిన్న రాత్రి రెండు తిరుగుళ్లు కొట్టేశాను. పైన పూజారి ముఖం, కింద అరటిపళ్లు విసిరే చేతులు మిగిలాయి. నిజం చెప్పాలంటే ఇప్పుడే బాగుంది.

వెళ్లేలోగా కథను రచయితల సంఘంలో నమోదు చేయించాలి. కాపీరైటు నోటిమాటగా చెప్పిన ఆలోచనకు వర్తించదు, రాసిన రూపానికే. అందుకే ఎవరికైనా వినిపించే ముందే పూర్తి ప్రతి సిద్ధం చేస్తున్నాను.

కథ గురించి అమ్మ అడగదు. “జీతం లేనివాడికి అక్కడ ఇల్లు అద్దెకు ఎవరిస్తారురా?” అంటుంది. ప్రస్తుతానికి ఒక స్నేహితుడి గదిలో దిగుతాను. తరువాత సంగతి నాకూ తెలియదు.