బంతి ముట్టని ఆట: మా అబ్బాయి కాలేజీ ఫుట్‌బాల్‌కి చేరిన దారి

మా అబ్బాయి లెఫ్ట్ గార్డు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ఆట నడిపేవాడు) ముందు అడ్డంగా నిలబడే అయిదుగురు లైన్‌మన్‌లలో ఒకడు. తెనాలి నుంచి మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే అడిగేది: "వాడికి బంతి ఎప్పుడిస్తారే?" ఇవ్వరమ్మా, బంతి ఉన్నవాడి మీద ఎవరూ పడకుండా ఆపడమే వీడి పని అంటే, "మరి పేరెవరికొస్తుంది?" అనేది.

మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. శుక్రవారం రాత్రి మ్యాచ్ అయ్యాక వేళ్లకు చుట్టిన టేపు డైనింగ్ టేబుల్ దగ్గరే ఊడదీసేవాడు. కణుపులన్నీ చెక్కుకుపోయి ఉండేవి. ఆవకాయ తగిలితే ఒకటే మంట. 290 పౌండ్ల పిల్లాడికి నేనే పప్పన్నం కలిపి ముద్దలు పెట్టేదాన్ని.

ఎన్నో కాలేజీల కోచ్‌లకు వీడియోలు పంపాడు. లైన్‌మన్ వీడియోలో వాళ్లు ముందు చూసేది పాదాలేనట, మొదటి రెండు అడుగులు ఎలా పడుతున్నాయని. స్కాలర్‌షిప్ రాలేదు. అప్పట్లో పెద్ద కాలేజీ జట్టుకు 85 స్కాలర్‌షిప్‌లే ఉండేవి. చివరికి ఒక డివిజన్ వన్ (కాలేజీ ఆటల్లో పై స్థాయి) కాలేజీ 'ప్రిఫర్డ్ వాక్-ఆన్'గా రమ్మంది. అంటే జట్టులో చోటిస్తారు, ఫీజు మనదే.

"డబ్బూ మనదే, దెబ్బలూ మనవేనా?" అన్నారు మా ఆయన. అప్పుడు మావాడు బ్రాండన్ బర్ల్స్‌వర్త్ గురించి చెప్పాడు. నల్ల ఫ్రేము కళ్లద్దాలతో ఆడే గార్డు. ఆర్కాన్సాస్ యూనివర్సిటీకి వాక్-ఆన్‌గా వెళ్లి, 1998లో ఆల్-అమెరికన్, అంటే దేశంలోని మేటి కాలేజీ ఆటగాళ్లలో ఒకడు, అయ్యాడు. 1999లో ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఇండియానాపొలిస్ కోల్ట్స్ మూడో రౌండులో తీసుకున్నారు. ఆ తర్వాత 11 రోజులకే, కారులో ఇంటికి వస్తూ ప్రమాదంలో పోయాడు. వాక్-ఆన్‌గా మొదలైన ఆటగాళ్లకు 2010 నుంచి ఏటా అతని పేరు మీద అవార్డు ఇస్తున్నారు. ఆ రాత్రి నేను వాళ్ల అమ్మను తలుచుకుని చాలాసేపు ఏడ్చాను. మా ఆయన మాత్రం మళ్లీ ఫీజు మాట ఎత్తలేదు.

కాగితాల పని నాది. కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. ఆడే అర్హత చూసే దాని ఎలిజిబిలిటీ సెంటర్‌లో రిజిస్టర్ చేసుకోవాలి. హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ లాంటి ముఖ్య సబ్జెక్టులు), వాటిలో కనీసం 2.3 జీపీఏ కావాలి. మార్కులకు కొరత లేదు కాబట్టి ధీమాగా ఉన్నాను. 2024 జులైలో చూస్తే 15 కోర్సులే కనిపించాయి! కెమిస్ట్రీ ఒక వేసవిలో ఆన్‌లైన్‌లో వేరేచోట చేశాడు. ఆ ట్రాన్‌స్క్రిప్ట్ అక్కడి నుంచే నేరుగా రావాలి, మనం పంపితే చెల్లదు. స్కూల్లో "మేం పంపినదాంట్లో అన్నీ ఉన్నాయి" అన్నారు. లేవు. కాలేజీ జట్టు ప్రాక్టీసు క్యాంపుకి పది రోజులుంది. ఆ టెన్షన్‌లో రోజుకు రెండుసార్లు ఫోన్లు చేస్తే ఆరో రోజుకి వచ్చింది. పిల్లలు బయట ఏ ఒక్క కోర్సు చేసినా, దాని ట్రాన్‌స్క్రిప్ట్ అదే నెలలో పంపించేయండి.

మొదటి ఏడాది రెడ్‌షర్ట్. అంటే ప్రాక్టీసే తప్ప మ్యాచ్‌లు దాదాపు ఉండవు, ఆడే నాలుగేళ్లలో ఏడాది తరగదు. ఇక స్థిమితపడ్డాం అనుకుంటుండగా 2025లో కొత్త నిబంధన మీద పడింది: జట్టుకు 105 మందే. ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో కుదిరిన రాజీ ఒప్పందంలో అదొక భాగం. అందరికంటే ముందు పోయేది వాక్-ఆన్‌లే. ఏప్రిల్ అంతా వాడు ఫోన్‌లో పొడిపొడిగా మాట్లాడేవాడు, నేనూ గుచ్చి అడగలేదు. అప్పటికే జట్లలో ఉన్నవాళ్లకు అన్యాయం చేయొద్దని ఆ కేసు చూస్తున్న జడ్జి క్లాడియా విల్కెన్ పట్టుబట్టారు. ఈ కోత వల్ల చోటు పోయినవాళ్లను కాలేజీ మళ్లీ తీసుకుంటే 105లో లెక్కపెట్టనక్కర్లేదని మార్చాక, జూన్ 6న ఒప్పందాన్ని ఆమోదించారు. మావాడిని ఉంచుకున్నారు.

సెప్టెంబరులో ఒక శనివారం, ఆఖరి క్వార్టర్‌లో దింపారు. ఆరు ప్లేలు. తెనాలిలో అప్పటికి ఆదివారం పొద్దున. అమ్మకు వీడియో కాల్‌లో చూపించాను. కాఫీ గ్లాసు పక్కన పెట్టేసి చూసింది.

"వాడి పక్కనుంచి ఒక్కడు కూడా దూరలేదే" అంది.