పలకల గనుల నుంచి నల్లమల కనుమ దాకా

మార్కాపురం పలకల గనుల్లో రాతి పొరల ఆనవాళ్ల కోసం మేం ముందు వెతికింది తవ్వి పారేసిన ముక్కల గుట్టల్లోనే. పొద్దుటి ఏటవాలు ఎండలో రాతి మీది లేత, ముదురు చారలు బాగా తెలుస్తాయి. అవి నీటి అడుగున పేరుకున్న బురద పొరలు. చిత్రమేమంటే రాయి ఆ పొరల వెంట చీలదు, చాలాచోట్ల వాటిని అడ్డంగా కోసుకుంటూ పలకలుగా విడిపోతుంది. తూర్పు పడమరల ఒత్తిడికి బురదలోని సన్నని రేకులన్నీ ఆ ఒత్తిడికి అడ్డంగా తిరిగి సర్దుకున్నాయి. చీలిక వాటి వెంట వస్తుంది.

కొత్తవాళ్లు ఇక్కడే పొరబడతారు. చీలికనే పొర అనుకుని కొలిస్తే, మడతలు పడ్డ రాయి ఒకే వైపు వాలిన మందపాటి దొంతరగా లెక్క తేలుతుంది. ముందు చారను సుద్దతో గీసుకుని రెండింటి వాలూ విడిగా రాసుకోవాలి. రెండూ ఒకే వైపు వాలినప్పుడు చీలిక కంటే పొర నిటారుగా ఉంటే, పొరలు తలకిందులైనట్టే. క్రేన్లకు, ఇనప సామానుకు దూరంగా నిలబడి కొలవాలి, లేకుంటే కాంపస్ ముల్లు తప్పు చూపిస్తుంది.

కంభం చెరువు దగ్గర రెండు కొండల మధ్య గుండ్లకమ్మ దారి చేసుకున్న సందుకు కట్ట వేశారు. ఈ వైపు నల్లమల వరసల్లో నిలబడి ఉన్నది ఎక్కువగా క్వార్ట్‌జైట్, అంటే గట్టిపడ్డ ఇసుక. అది గాజును గీస్తుంది, పలకరాయి గీయలేదు. మెత్తనిది అరిగి లోయ అయింది, గట్టిది గట్టుగా మిగిలింది. ఇవాళ్టి ఎత్తుపల్లాలు మడతల కంటే అరుగుదల పనే ఎక్కువ.

అంతకాలం అరిగినా కొండ ఎందుకు మిగిలింది? పైన వెయ్యి మీటర్ల రాయి పోతే, బరువు దించిన పడవలా కింద మిగిలిన భూమి పైపెంకు సుమారు 850 మీటర్లు పైకి లేస్తుంది. పెంకు సాంద్రత నీటికి 2.8 రెట్లు, దాని కింద ఉండే మాంటిల్ అనే బరువైన రాతి పొరది 3.3 రెట్లు కావడం వల్ల వచ్చే లెక్క ఇది. కిలోమీటరు ఎత్తు తగ్గాలంటే ఆరేడు కిలోమీటర్ల రాయి అరగాలి. కిలోమీటర్ల లోతున తయారైన పలకరాయి మన చేతికందడం అలాగే.

గిద్దలూరు దాటాక నంద్యాల రైలు నల్లమలను దాటుతుంది. దారిలో చెలమ దగ్గర లాంప్రోయిట్ డైకు, అంటే చాలా లోతు నుంచి ఉబికి పగులులో గోడలా గడ్డకట్టిన శిలాద్రవం, ఈ పొరల్లోకి చొచ్చుకొచ్చింది. దాని వయసు సుమారు 140 కోట్ల ఏళ్లు, కాబట్టి అది చీల్చుకొచ్చిన పొరలు ఇంకా పాతవి. పోల్చి చూస్తే, హిమాలయాలను లేపిన భూఫలకాల ఢీ మొదలై సుమారు 5 కోట్ల ఏళ్లే. చెలమలో దిగి రాయి కొట్టాలంటే అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి, అది పులుల అడవి.