కనుమ మీద చలిరాత్రి, అంటుకోని డీజిల్ హీటర్

చీకటి పడేలోపు కనుమ దాటేసి కిందికి దిగిపోదామనుకున్నాం గానీ, పొగమంచు కమ్మేసి రోడ్డు కనపడకపోయేసరికి 2,300 మీటర్ల ఎత్తులో బండి పక్కకు తీసి ఆపేశాం. బయట మైనస్ 6 డిగ్రీలు. మోటార్‌హోమ్‌లో నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల మా అమ్మాయి. ట్యాంకులోని డీజిల్ కాల్చి బండి లోపల వెచ్చటి గాలి ఊదే డీజిల్ హీటర్ ఉందన్న ధైర్యంతోనే అంత ఎత్తున ఆగాం. స్విచ్ వేశాను, ఫ్యాన్ తిరిగింది, నిమిషం తర్వాత నేల కింద డీజిల్ పంపు టిక్ టిక్ మంటూ కొట్టుకోవడం మొదలైంది, ఇంక వెచ్చటి గాలి వస్తుందని పాప తడి సాక్సులు చేత్తో పట్టుకుని వచ్చి కూర్చుంది. రాలేదు. హీటర్ తనంతట తనే ఇంకోసారి ప్రయత్నించి, మంట అంటుకోలేదన్న కోడ్ చూపించి ఆగిపోయింది.

మళ్లీ వేశాను. మళ్లీ అంతే. మూడోసారి టార్చ్ పట్టుకుని బయటికెళ్లి చూస్తే ఎగ్జాస్ట్ పైపులోంచి తెల్లటి పొగ దట్టంగా వస్తోంది, ముక్కు మండిపోయేంత డీజిల్ వాసన.

సగం జవాబు అక్కడే ఉంది. తెల్ల పొగ వస్తోందంటే కాలని డీజిల్ ఆవిరై బయటికి పోతోందని, అంటే డీజిల్ అందుతోంది, అంటుకోవడమే లేదు. కానీ ఆ చలిలో, ఆ టెన్షన్‌లో నా బుర్ర డీజిల్ లైను చుట్టూనే తిరిగింది. ట్యాంకులో డీజిల్ తక్కువైందేమో అనుకున్నాను. హీటర్‌కి వెళ్లే గొట్టాన్ని చాలా బళ్లలో ట్యాంకు అడుగుదాకా దించరు, డీజిల్ బాగా తగ్గగానే హీటరే ముందు ఆగిపోవాలి, ఇంజిన్‌కి కాస్త మిగలాలి అని కావాలనే అలా పెడతారు. మాది సగం పైనే ఉంది. చలికి డీజిల్‌లోని మైనం పేరుకుని ఫిల్టర్ మూసుకుపోయిందేమో అని అదీ విప్పి చూశాను, శుభ్రంగా ఉంది. గొట్టంలో గాలి బుడగలూ లేవు. వేళ్లు కొంకర్లు పోతుంటే గంటసేపు ఇదే పని. మధ్యలో బ్యాటరీకి మీటర్ పెడితే 12.6 వోల్టులు చూపించింది, కరెంటు సంగతి సరే అనుకుని వదిలేశాను.

"ఏమండీ, ఇక చాలు లోపలికి రండి, పొద్దున వెలుతురులో చూద్దురు గానీ" అంది మా ఆవిడ. ఆ మాట వినడం మంచిదైంది, ఎందుకంటే అంటుకోని హీటర్‌ని పదేపదే స్టార్ట్ చేస్తే దాని లోపల మంట మండే అరలో డీజిల్ నిండిపోతుంది, తర్వాత అంటుకున్నప్పుడు అదంతా ఒక్కసారి మండుతుంది. గ్యాస్ స్టవ్ వెలిగించి కాస్త వెచ్చబెడదామా అన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చింది. తలుపులు మూసిన బండిలో పిల్లని పడుకోబెట్టి ఆ పని ఎవరూ చేయకూడదు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని ముగ్గురం ఒకే మంచం మీద ముడుచుకుని పడుకున్నాం.

పొద్దున తెల్ల పొగ సంగతి మళ్లీ మొదటినుంచి ఆలోచించాను. డీజిల్ వస్తోంది, ఫ్యాన్ తిరుగుతోంది, ఇక మిగిలింది నిప్పు. ఆ నిప్పు గ్లో ప్లగ్‌ది, అంటే కరెంటుతో ఎర్రగా కాలి డీజిల్‌ని అంటించే చిన్న కడ్డీది, స్టార్టింగ్‌లో అదొక్కటే 8 నుంచి 10 ఆంపియర్ల దాకా లాగుతుంది. రాత్రి నేను బ్యాటరీ కొలిచింది హీటర్ ఆగి ఉన్నప్పుడు, అదీ బ్యాటరీ దగ్గర. కరెంటు పారనప్పుడు తుప్పు పట్టిన జాయింటు కూడా మీటర్‌కి పూర్తి వోల్టేజీయే చూపిస్తుంది! ఈసారి మీటర్ తీగలు హీటర్‌కి కరెంటు వచ్చే కనెక్టర్ దగ్గర పెట్టి, మా ఆవిడని స్విచ్ వేయమన్నాను. గ్లో ప్లగ్ వెలగ్గానే అంకె దిగిపోయింది: 10.7. అదే సమయంలో బ్యాటరీ దగ్గర 12.1 ఉంది. దారిలో 1.4 వోల్టులు ఎక్కడో పోతున్నాయి. వేడి వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి ఉంటుంది కాబట్టి గ్లో ప్లగ్‌కి అందాల్సిన వేడిలో దాదాపు పావు వంతు లేదు. మా హీటర్ 10.5 కన్నా దిగితే తప్ప వోల్టేజీ తక్కువని కోడ్ చూపించదు, అందుకే దాని గురించి ఏమీ చెప్పకుండా మంట అంటుకోలేదని మాత్రం చెప్పింది.

ఎక్కడ పోతున్నాయో పట్టుకోవడం తేలికే. హీటర్ స్టార్ట్ అవుతుండగా మీటర్ రెండు తీగల్నీ ఒక్కో జాయింటుకి అటూ ఇటూ పెట్టుకుంటూ పోవాలి, బాగున్న జాయింటు దగ్గర సున్నాకి దగ్గరగా ఉంటుంది. ఫ్యూజ్ హోల్డర్ దగ్గర 1.1 వచ్చింది. ముట్టుకుంటే కాలింది. విప్పి చూస్తే తెల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్ ఒక మూల ముదురు గోధుమ రంగుకి తిరిగి మెత్తబడి ఉంది, లోపలి రేకు మీద పచ్చటి చిలుము. ఫ్యూజ్ మాత్రం మాడలేదు. రాత్రి దాన్ని కూడా చూశాను, తీగ తెగలేదు కదా అని పక్కన పెట్టేశాను.

పెట్టెలో ఇంకో హోల్డర్ ఉండటం మా అదృష్టం. వైరు చివరలు కోసి, మెరిసేదాకా గీకి, కొత్తది బిగించి, అంతే రేటింగ్ ఫ్యూజ్ పెట్టాను. ఫ్యూజ్ తీసేసి నేరుగా కలిపేయడం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. స్విచ్ వేస్తే ఈసారి హీటర్ దగ్గర 11.8. లోపల మిగిలిన డీజిల్ కాలి రెండు నిమిషాలు తెల్లగా పొగ వచ్చి, ఆ తర్వాత ఎగ్జాస్ట్ తేటపడింది.

తర్వాత కొంచెం నల్లగా మొదలైంది, అది వేరే సంగతి. ఎత్తులో గాలి పలచబడటంతో డీజిల్ వాటా ఎక్కువై మసి పడుతుంది. మా హీటర్‌లో ఎత్తుకి తగ్గట్టు సర్దుబాటు లేదు, అందుకని వెచ్చబడ్డాక ఆపేసి, అది పూర్తిగా చల్లబడి ఫ్యాన్ ఆగేదాకా కరెంటు తీయకుండా ఉండి, అప్పుడు బయల్దేరాం. 900 మీటర్లకి దిగాక అరగంట ఫుల్లు వేడిలో నడిపాను, మసి అంతా కాలిపోవాలని.

ఆ రోజు రాత్రి పంపు చప్పుడు వింటూ పడుకున్నాను. పాప సాక్సులు పొద్దుటికి బాగా ఆరాయి.