గోడ డబ్బాలో పట్టిన పేటెంటు

లైటు వెలుతురును తగ్గించే స్విచ్, అంటే డిమ్మర్, ఎలా పుట్టిందని ఎక్కడ వెతికినా దాదాపు ఒకే కథ దొరుకుతుంది. జోయెల్ స్పైరా అనే ఫిజిక్స్ గ్రాడ్యుయేట్ న్యూయార్క్‌లో రక్షణ రంగానికి పనిచేస్తూ, అణుబాంబు ట్రిగ్గర్ ప్రాజెక్టులో థైరిస్టర్‌ని (చిన్న సంకేతంతో కరెంటును ఆన్ చేసే సెమీకండక్టర్ స్విచ్) చూశాడు, ఇది ఇంటి లైట్లకు పనికొస్తుంది కదా అనుకున్నాడు, మన్‌హటన్‌లోని తన అపార్ట్‌మెంటులో ఒక గదిని ల్యాబ్‌గా మార్చుకుని డిమ్మర్ తయారుచేశాడు, 1961లో భార్య రూత్‌తో కలిసి లుట్రాన్ అనే కంపెనీ పెట్టాడు. వినడానికి బాగుంటుంది. కానీ ఆయన మొదటి డిమ్మర్ పేటెంటు (అమెరికా నంబరు 3,032,688, 1959లో దరఖాస్తు, 1962లో మంజూరు) దగ్గరికి వెళ్తే అసలు సరుకు ఒక డయోడ్ (కరెంటును ఒక్క దిక్కుకే పోనిచ్చేది), ట్యాపులున్న ఒక ఆటోట్రాన్స్‌ఫార్మర్ (వోల్టేజీని మెట్లుమెట్లుగా మార్చే తీగచుట్ట). థైరిస్టర్ సంగతి తర్వాత.

నేను ఎల్ఈడీ డ్రైవర్లు (ఎల్ఈడీకి కావాల్సిన కరెంటును సిద్ధం చేసే సర్క్యూట్లు) డిజైన్ చేసి బతుకుతున్నవాణ్ని. డిమ్మర్‌తో పనిచేసే డ్రైవర్లంటే మా టీమ్‌లో ఎవరూ ముందుకు రారు, ఎందుకో కిందికి వచ్చేసరికి మీకే అర్థమవుతుంది. మా తిప్పలకు మూలపురుషుడు కాబట్టి ఈయన మీద నాకు కాస్త కోపం, చాలా గౌరవం. పైన చెప్పిన కథలో ఆ డయోడ్-ట్రాన్స్‌ఫార్మర్ ముక్క ఎగిరిపోవడం మాత్రం నాకు నచ్చదు, ఎందుకంటే ఆయన చేసిన అసలు పని అక్కడే ఉంది.

అప్పటికి లైటు తగ్గించడం కొత్తేమీ కాదు. నాటకాల థియేటర్లలో ఎప్పటినుంచో చేస్తున్నారు, ఉప్పునీళ్ల తొట్టెల్లో లోహపు పలకలు ముంచి పైకీ కిందికీ జరిపి కూడా చేశారు (నిజంగానే, బతికి బయటపడ్డవాళ్లకు దండం పెట్టాలి). తర్వాత పెద్ద పెద్ద రియోస్టాట్లు (తిప్పితే విలువ మారే రెసిస్టర్లు), వేరియాక్‌లు (తిప్పితే వోల్టేజీ మారే ట్రాన్స్‌ఫార్మర్లు) వచ్చాయి. రియోస్టాట్‌తో గొడవ ఏంటంటే, బల్బుకు సగం వోల్టేజీ ఇస్తే మిగతా సగం ఆ రెసిస్టరే మింగుతుంది, అంటే బల్బు ఎన్ని వాట్లు వాడుతోందో రెసిస్టర్ కూడా అన్ని వాట్లు వేడి రూపంలో తగలేస్తుంది. మన ఇళ్లలో పాత ఫ్యాన్ రెగ్యులేటర్ గుర్తుందా, స్విచ్‌బోర్డు పక్కన విడిగా బిగించిన నల్లటి పెద్ద డబ్బా, ఒకటి మీద పెట్టి ఫ్యాన్ నెమ్మదిగా తిప్పితే చేత్తో పట్టుకోలేనంత కాలిపోయేది. అదే సూత్రం. ఆ వేడిని గోడలోపల దాచలేరు. వేరియాక్ వేడెక్కదు, కానీ అది ఇనుము, రాగి, బరువు.

అమెరికాలో మామూలు స్విచ్‌డబ్బా రెండు అంగుళాల వెడల్పు, మూడు అంగుళాల ఎత్తు. స్పైరా తనకు తాను పెట్టుకున్న షరతు ఇదీ: ఉన్న స్విచ్ పీకేసి, అదే డబ్బాలో, అవే వైర్లకు కలిపేలా ఉండాలి. గోడ పగలగొట్టకూడదు. ఒక్క డయోడ్‌ని బల్బుకు సిరీస్‌లో పెడితే సగం అలలు ఆగిపోతాయి, ఆర్ఎంఎస్ వోల్టేజీ (బల్బును వేడెక్కించే లెక్కలో చూసే వోల్టేజీ) 70 శాతానికి పడుతుంది, అదీ దాదాపు ఏ నష్టమూ లేకుండా. ఇంత పని ఒక బుల్లి డయోడ్ చేసిపెట్టాక ట్రాన్స్‌ఫార్మర్ మోయాల్సిన భారం ఎంతో మిగలదు, డబ్బాలో పట్టేంత చిన్నది చేయొచ్చు. 1959లో అందుబాటులో ఉన్న, నమ్మకమైన వస్తువులతో చేసిన పని అది. జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లు థైరిస్టర్‌ని బయటపెట్టింది 1957లో, ఇంకా పసిది. దాన్ని చూసి మురిసిపోయి అదే పట్టుకుని వేలాడకుండా, ముందు గోడ డబ్బా సమస్యను తేల్చాడంటే ఆ మనిషికి ఇంజనీరింగ్ ఎంత వంటబట్టిందో చూడండి. సెమీకండక్టర్ మారొచ్చు, డబ్బా మారదు.

ఆయన గురించి రెండు ముక్కలు. 1927లో న్యూయార్క్‌లో పుట్టాడు, రెండో ప్రపంచయుద్ధ కాలంలో నేవీలో రాడార్ల మీద పనిచేశాడు, 1948లో పర్డ్యూ యూనివర్సిటీలో ఫిజిక్స్ డిగ్రీ తీసుకున్నాడు. రూత్ పెన్సిల్వేనియాలో పేరున్న ప్రచురణకర్త జె.ఐ. రోడేల్ కూతురు. కంపెనీ కూడా ఆ వైపే, కూపర్స్‌బర్గ్‌లో స్థిరపడింది. 2010లో తొలినాళ్ల డిమ్మర్లు, కాగితాలు స్మిత్‌సోనియన్ మ్యూజియానికి ఇచ్చారు. 2015లో, 88 ఏళ్ల వయసులో పోయాడు. పేరు మీద వందల పేటెంట్లు.

1960ల్లో కేప్రీ అనే గుండ్రటి నాబ్ డిమ్మర్‌ని ఇళ్లకు అమ్మారు. అమ్మడానికి చెప్పినవి రెండు: ఒకటి మూడ్, రెండు కరెంటు ఆదా. మూడ్ సంగతి కాదనను. ఆదా సంగతి దగ్గర మాత్రం ఒక ఇంజనీర్‌గా నాకు కొంచెం నవ్వొస్తుంది. ఫిలమెంటు బల్బు వోల్టేజీ 70 శాతానికి తగ్గిస్తే పవర్ తగ్గేది 57 శాతానికి, వెలుతురు మాత్రం 30 శాతానికి పడిపోతుంది. అంటే వాటుకు వచ్చే వెలుతురు సగానికి సగం పోయినట్టే, ఫిలమెంటు చల్లబడి ఎర్రగా మారుతుంది కాబట్టి. కాకపోతే మన కన్ను ఇక్కడ డిమ్మర్‌కు సాయం చేస్తుంది. మీటర్‌లో 30 శాతం అని చూపించే వెలుతురు మన కంటికి సగం పైనే అనిపిస్తుంది, 10 శాతం అని చూపిస్తే మనకు మూడో వంతు ఉన్నట్టుంటుంది. కాబట్టి జనం నాబ్ తగ్గించి హాయిగానే కూర్చుంటారు. నిజంగా లాభం వచ్చేది బల్బు ఆయుష్షులో: వోల్టేజీ పది శాతం తగ్గిస్తే ఆయుష్షు దాదాపు నాలుగు రెట్లవుతుంది. ఆ మాట ప్రకటనల్లో పెద్దక్షరాలతో వేసి ఉంటే నాకు ఇంకా నచ్చేది.

ఇక థైరిస్టర్, దాని తర్వాత రెండు వైపులా పనిచేసే ట్రయాక్ చవకయ్యాక ట్రాన్స్‌ఫార్మర్ అవసరమే లేకుండా పోయింది. సూత్రం చాలా సులువు. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక్కో అర అల 10 మిల్లీసెకన్లు. అల మొదలవగానే ట్రయాక్ మూసుకుని ఉంటుంది. ఒక రెసిస్టర్ గుండా ఒక కెపాసిటర్ ఛార్జ్ అవుతూ ఉంటుంది, అది 30 వోల్టుల దగ్గరికి రాగానే డయాక్ (ఒక హద్దు వోల్టేజీ దాకా కరెంటును ఆపే చిన్న భాగం) పేలినట్టు తెరుచుకుని ట్రయాక్‌ని లేపుతుంది, అక్కణ్నుంచి అల సున్నాకు వచ్చేదాకా కరెంటు పోతుంది. నాబ్ తిప్పితే ఆ రెసిస్టర్ మారుతుంది, ట్రయాక్ ఎంత ఆలస్యంగా లేస్తే లైటు అంత తక్కువ. సెకనుకు వందసార్లు ఈ తతంగం. మొత్తం సామాను అరచేతిలో పడుతుంది, వేడి కూడా తక్కువ.

సులువు అన్నాను కదా, కాగితం మీదే సులువు. అల మధ్యలో, రెండు మూడు వందల వోల్టుల దగ్గర, కొన్ని మైక్రోసెకన్లలో స్విచ్ ఆన్ అయితే ఏమవుతుంది? పక్కగదిలో ఏఎం రేడియో బరబరమంటుంది. బల్బులో ఫిలమెంటు స్ప్రింగులా వణికి సన్నగా పాడుతుంది. ట్రయాక్ ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టుకున్న ఇంట్లో తక్కువ స్పీడు మీద రాత్రిపూట వచ్చే ఆ గుయ్యిమనే చప్పుడు మీరు వినే ఉంటారు, అదీ ఇదే. దీనికి మందు ఒక చోక్ (కరెంటు ఒక్కసారిగా ఎగబాకకుండా ఆపే తీగచుట్ట), ఒక కెపాసిటర్. పెడితే డబ్బా నిండిపోతుంది, ఖర్చు పెరుగుతుంది, అందుకే చవక డిమ్మర్‌లో ముందు ఎగిరిపోయేది ఆ చోకే. మంచి డిమ్మర్, చెత్త డిమ్మర్ అని ఎవరైనా అడిగితే నేను చేతిలో బరువు చూస్తాను.

ట్యూబులైట్ల కాలంలో ఈ ట్రిక్కు పనిచేయలేదు. ట్యూబుకు వోల్టేజీ తగ్గిస్తే మసకబారదు, ఆరిపోతుంది. రెండు చివర్ల కాథోడ్లను వేడిగా ఉంచుతూనే మధ్యలో ఆర్క్ కరెంటు మాత్రం తగ్గించాలి, అంటే డిమ్మింగ్ పని గోడలోంచి బ్యాలస్టులోకి (ట్యూబు కరెంటును అదుపు చేసే చోక్ లాంటి భాగం) మారాలి. హై ఫ్రీక్వెన్సీ ఎలక్ట్రానిక్ బ్యాలస్టులతో అది సాధ్యమైంది, లుట్రాన్ వాళ్ల హై-లూమ్ బ్యాలస్టు అయితే 1 శాతం దాకా దించేది. ఆఫీసుల్లో ఇది నడిచింది. ఇళ్లలో మాత్రం గోడ మీద పాత డిమ్మర్లు అలాగే ఉండిపోయాయి, వాటికింద ఫిలమెంటు బల్బులు.

ఆ తర్వాత ఎల్ఈడీ వచ్చింది, మా బాధలు మొదలయ్యాయి.

ట్రయాక్‌కి ఒక గుణం ఉంది. లేచి ఉండాలంటే దాని గుండా ఎప్పుడూ కొంత కరెంటు పోతూ ఉండాలి, హోల్డింగ్ కరెంటు అంటాం, రకాన్ని బట్టి పది నుంచి యాభై మిల్లీఆంపులు అనుకోండి. అరవై వాట్ల ఫిలమెంటు బల్బు 230 వోల్టుల దగ్గర 260 మిల్లీఆంపులు లాగుతుంది, ట్రయాక్‌కి దిగులే లేదు. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు సగటున 40 లాగుతుంది, అదీ అల పొడుగునా సమానంగా కాదు, లోపలి కెపాసిటర్ నిండే కాసేపే. మధ్యలో ట్రయాక్ పడుకుంటుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుకుంటుంది, మీకు పైన బల్బు టపటపా కొట్టుకుంటూ కనిపిస్తుంది. 2015 నుంచి ఉజాలా పథకంలో ఇంటింటికీ చేరిన బల్బుల లాంటి మామూలు రకాన్ని డిమ్మర్‌కి కలిపితే జరిగేది ఇదే. బల్బు చెడ్డది కాదు, డిమ్మర్ చెడ్డది కాదు, వాటికి పొత్తు కుదరలేదు.

దీనికి డ్రైవర్‌లో ఏం చేస్తామంటే, కావాలనే కొంత కరెంటు వృథాగా లాగుతాం. బ్లీడర్ అంటారు. తక్కువ కరెంటుతో వెలగడం కోసం పుట్టిన దీపంలో, ఎప్పుడో 1960ల నాటి స్విచ్‌ని మేలుకొల్పి ఉంచడానికి కరెంటు తగలేయడం! ఆ వృథాను ఎంత తగ్గించొచ్చు, ఏ క్షణంలో మాత్రమే లాగొచ్చు, ట్రయాక్ లేచిన కోణాన్ని కొలిచి దాన్ని ఎల్ఈడీ కరెంటుగా ఎలా మార్చొచ్చు అన్నదాని మీద ఎన్ని పేటెంట్లు ఉన్నాయో చదివితే కళ్లు తిరుగుతాయి. నేషనల్ సెమీకండక్టర్ వాళ్ల ఎల్ఎం3445 లాంటి చిప్పులు పుట్టిందే ఈ పనికి. ఎదురు దారి కూడా ఉంది: ట్రయాక్ తీసేసి రెండు మాస్ఫెట్లు (ఎప్పుడంటే అప్పుడు ఆన్, ఆఫ్ చేయగల ట్రాన్సిస్టర్లు) పెట్టి, అల మొదట్లో ఆన్ చేసి చివర్లో కోయడం, ట్రెయిలింగ్ ఎడ్జ్ అంటారు. చప్పుడు తక్కువ, ఎల్ఈడీకి సుఖం, కానీ ఖరీదు.

పని పూర్తయిందనుకున్నాక ఫ్లికర్ (వెలుతురు ఊగిసలాట) టెస్టు ఉంటుంది. సెకనుకు వంద సార్లు ఊగే వెలుతురు కంటికి నేరుగా తెలియకపోయినా కొందరికి తలనొప్పి తెస్తుంది, 2015 నాటి ఐఈఈఈ 1789 అనే ఇంజనీర్ల సంస్థ ప్రమాణం ప్రకారం 100 హెర్ట్జ్ దగ్గర ఊగుడు 8 శాతం లోపు ఉంటే రిస్కు తక్కువ. ఫుల్ వెలుతురులో ఈ టెస్టు పాసవడం తేలికే, పది శాతానికి దించినప్పుడు చూడాలి అసలు సినిమా. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి మీ ఇంటి బల్బును ఓసారి తీసి చూడండి, ఆ తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

పేటెంట్ల గురించి కొత్తగా చేరిన పిల్లలకు నేను చెప్పే మాట ఒకటుంది. బొమ్మలు, ముందుమాట చూసి ఆగిపోకుండా చివర్లో క్లెయిములు (ఏది నా సొత్తు అని పేటెంటు చెప్పే వాక్యాలు) చదవండి, కాపలా ఉండేది వాటికే. ఒక్కో క్లెయిము అంగుళం స్థలం. స్పైరా లాంటి వాళ్లు ఆ అంగుళాలు ఎక్కడ కొనాలో తెలిసినవాళ్లు: స్లైడర్, గోడకు బిగించే పద్ధతి, చప్పుడు తగ్గించే చోక్, అన్నీ మనిషి చెయ్యి తగిలే చోట. లోపల డయోడ్ పోయి ట్రయాక్ వచ్చింది, ట్రయాక్ పోయి మాస్ఫెట్ వస్తోంది. ఆఫీసుల్లో డాలీ (లైట్లకు డిజిటల్‌గా ఆదేశాలు పంపే పద్ధతి) వచ్చి ఒక్కో జత వైర్ల మీద 64 లైట్లకు విడివిడిగా మాట చెబుతోంది, అక్కడ కరెంటు అలను కోసే పనే లేదు. ఇళ్లలో మాత్రం ఇంకా ఆ రెండంగుళాల డబ్బాయే, అందులో న్యూట్రల్ వైరు కూడా చాలాసార్లు ఉండదు, లైటు గుండా వచ్చే చిటికెడు కరెంటు మీదే డిమ్మర్ బతకాలి. ఈ ఒక్క కారణం మీద మాకు ఇంకా జీతాలు వస్తున్నాయి.

ఇంట్లో డిమ్మర్ పెట్టించుకుందామనుకునే వాళ్లకు: బల్బు అట్టపెట్టె మీద డిమ్మబుల్ అని ఉందో లేదో చూడండి, అది సరిపోదు, డిమ్మర్ మీద కనీస లోడు కూడా చూడండి. పాత రకాలకు అది 40 నుంచి 60 వాట్లు. నాలుగు 9 వాట్ల బల్బులు కలిపినా 36 దాటవు. షాపువాడు "ఏం కాదు సార్, పనిచేస్తుంది" అంటే అక్కడే ఒక బల్బు తగిలించి నాబ్ పూర్తిగా కిందికి తిప్పి చూపించమనండి.